స్టోర్ చార్జి తీసుకునే ముందు

అమ్మాయ్,

నిన్ను చెన్నైలో వేలచేరి స్టోర్‌కి మేనేజర్‌గా వేస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కంపెనీ వాళ్లు నియమావళి పుస్తకం చేతిలో పెట్టి, ఆన్‌లైన్ పరీక్ష రాయించి సర్టిఫికెట్ ఇచ్చే ఉంటారు. ఆ రూల్సు అందరికీ తెలిసినవే. అయినా స్టోర్లో తప్పులు జరుగుతాయి, చాలావరకు నెలాఖరున టార్గెట్ అందనప్పుడు. ఆ ఒత్తిడి ఎక్కడెక్కడ తగులుతుందో నీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

చార్జి తీసుకునే రోజు సంతకాల కట్ట ముందు పెడతారు. అందులో ఆహార భద్రత నామినేషన్, అదే ఫారం 9, ఉందేమో చూడు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఒక్కో బ్రాంచికి ఒక బాధ్యుణ్ణి నామినేట్ చేయొచ్చు. ఆ పేరు నీదైతే, నీ స్టోర్లో పాడైన సరుకు దొరికితే చట్టం ముందు నిలబడాల్సింది నువ్వే. సంతకం పెట్టు, కానీ పెట్టేముందు పాడైన సరుకును ఎవర్నీ అడక్కుండా తీసేసే అధికారం నీకుందని మెయిల్లో రాయించుకో.

అన్నిటికంటే ఎక్కువ గొడవ ఎక్స్‌పైరీ దగ్గరే. ప్రతి స్టోర్‌కీ డంప్, అంటే పాడైందని తీసేసి నష్టం కింద రాసే సరుకు, ఇంతకు మించకూడదని ఒక లెక్క ఉంటుంది. మూడో వారానికే అది నిండిపోతే, డిపార్ట్‌మెంట్ వాళ్లు డేటు దాటినవి గోడౌన్లో అట్టపెట్టెల వెనక దాచి, ఒకటో తారీఖున కొత్త నెల ఖాతాలో రాద్దామనుకుంటారు. ఆ పెట్టె మీద చీటీ ఉండదు. రాత్రి షిఫ్టు కుర్రాడు మంచి సరుకే అనుకుని తెచ్చి షెల్ఫు మీద పేర్చేస్తాడు. తాళం ఉన్న ఎర్ర క్రేటు ఒకటి పెట్టించు. డేటు దాటిన ప్రతిదీ అందులోకే వెళ్లాలి, రోజూ షాపు మూసేముందు స్కాన్ చేసి ఆ రోజు ఖాతాలోనే రాయాలి. డంప్ లెక్క మించితే మించనీ. పైవాళ్లకు అంకెతోపాటు కారణం కూడా రాయి: ఆర్డరే ఎక్కువ పెట్టారా, లేక పది రోజుల గడువు మాత్రమే మిగిలిన సరుకును వేర్‌హౌస్ వాళ్లు నీ మీదికి తోశారా అని.

స్టోర్లోనే ప్యాక్ చేసేవాటితో ఇంకా జాగ్రత్త. పప్పులు, జీడిపప్పు, చీజ్ లాంటివి విప్పి మళ్లీ ప్యాక్ చేస్తే లేబుల్ మిషన్ ఆ రోజు తేదీయే కొడుతుంది, పాత సరుకుకి కొత్త ఆయుష్షు పోసినట్టే. బస్తా మీద సరుకు వివరాలు, తేదీ ఉండే లాట్ చీటీని ప్యాకింగ్ రిజిస్టర్లో అంటించమను. ప్యాకెట్ మీద వేసే చివరి తేదీ ఆ చీటీలోని తేదీని దాటకూడదు.

ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. బండి మీటర్ని నమ్మకుండా ప్యాకెట్ల మధ్య థర్మామీటర్ పెట్టి, వచ్చిన అంకెను రిసీవింగ్ కాగితం మీద రాయించు. బఠాణీ ప్యాకెట్ చేత్తో కదిపితే గింజలు విడివిడిగా జారాలి. ఒకే గడ్డగా ఉంటే దారిలో కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట, వెనక్కి పంపెయ్. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిళ్లు ఫ్రీజర్లు ఆపమని ఎవరైనా నోటిమాటగా చెబితే కుదరదని రాతలో చెప్పు.

తూకం మిషన్లకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. ముద్ర ఉన్నా టేర్, అంటే ఖాళీ ట్రే బరువు, తీయకపోతే మోసమే. కిలో వెయ్యి రూపాయల జీడిపప్పును 12 గ్రాముల ట్రేతో కలిపి తూస్తే కొన్నవాళ్లు ఖాళీ ట్రేకి 12 రూపాయలు కట్టినట్టు. ఆఫర్ ఆదివారం రాత్రి అయిపోతే సోమవారం పొద్దున షెల్ఫు మీద పాత ధర, బిల్లులో కొత్త ధర కనబడతాయి. తెరవకముందే ఆఫర్ అరల్లో ఓ ముప్పై ట్యాగులు స్కాన్ చేయించు, తేడా వస్తే తక్కువ ధరకే బిల్లు చెయ్యి. ఎమ్మార్పీ మీద స్టిక్కర్ వేసేది ధర తగ్గించడానికే, అదీ పాత ఎమ్మార్పీని కప్పకుండా. ఫోన్ నంబరు ఇవ్వనన్నవాళ్లకు బిల్లు ఆపొద్దు.

ఇక లైసెన్సుల ఏజెంటు. పండగ ముందు కార్పొరేషన్లో ఏదో ఒక కాగితం ఆగుతుంది. "నేను చూసుకుంటాను మేడమ్" అంటాడు, తర్వాత లైజనింగ్ చార్జీలని గుండుగుత్తగా బిల్లు పెడతాడు. మధ్యవర్తులకు వెళ్లే డబ్బు మీద సరైన నిఘా పెట్టలేదన్న అభియోగాల పరిష్కారానికి 2019 జూన్‌లో వాల్‌మార్ట్ అమెరికా ప్రభుత్వానికి 28.2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మెక్సికో, బ్రెజిల్, చైనాతోపాటు మన దేశం పేరూ అందులో ఉంది. బ్రెజిల్‌లో పర్మిట్లు చిటికెలో తెచ్చే ఒకావిడకు 'మంత్రగత్తె' అనే పేరే వచ్చింది. అంత తొందరగా ఎలా వస్తున్నాయని కంపెనీ వాళ్లు అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది. నువ్వు అడుగు. సర్కారు ఫీజుకు రసీదు, అతని ఫీజుకు వేరే బిల్లు, నగదు పైసా వద్దు. పెట్టీ క్యాష్‌లో 'టీ ఖర్చులు' అని పెద్ద అంకె కనబడితే వోచర్ పాస్ చెయ్యకు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లకూ ఏడేళ్ల దాకా జైలు ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాళ్లకు రక్షణ దొరకాలంటే ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పి తీరాలి. అందుకే మామూలు అడిగిన రోజే లీగల్ వాళ్లకు రాసెయ్.

తమిళనాడులో షాపుల చట్టానికి 2021లో చేసిన సవరణతో షాపుల్లో పనిచేసే అందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలి. కౌంటర్ వెనక స్టూళ్లు ఉంటాయి, కానీ కస్టమర్ ముందు కూర్చోవద్దని సూపర్‌వైజర్లు కసురుతుంటారు. నువ్వే ఫ్లోర్ మీదికొచ్చి కూర్చోమని చెప్పాలి. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసేముందు పీఎఫ్ చలానాతోపాటు పేర్ల జాబితా అడిగి నీ మస్టర్‌తో, అంటే హాజరు పట్టీతో, పోల్చు. పనిచేసేవాళ్లు ఇరవైమంది ఉండి, జాబితాలో పద్నాలుగు పేర్లే ఉంటే బిల్లు ఆపు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే నువ్వు పంచాయితీ చెయ్యకు, ఆ అమ్మాయి షిఫ్టు మార్చి చేతులు దులుపుకోకు. ఘటన జరిగాక కమిటీకి ఫిర్యాదు చేయడానికి మూడు నెలల గడువు ఉంటుంది గనక వెంటనే అంతర్గత కమిటీకి పంపించు. బ్రాండ్ల తరఫున వచ్చే ప్రమోటర్ అమ్మాయిలకూ ఇది వర్తిస్తుంది.

నీ స్టోర్ మీద కంపెనీ హాట్‌లైన్‌కి, అంటే ఫిర్యాదుల ఫోన్ నంబరుకి, పేరు చెప్పకుండా ఎవరైనా ఫోన్ చేస్తే, ఎవరా అని ఆరా తీయకు. సీసీ కెమెరా చూడ్డం, టీ తాగుతూ మాట లాగడం ఏదీ వద్దు. ఆడిటర్లు వచ్చి వెళ్లేదాకా ఎవరి వీక్లీ ఆఫూ కదపకు. మార్చక తప్పకపోతే కారణం రాసి, హెచ్‌ఆర్ ఒప్పుకున్నాకే మార్చు.

ఆశీస్సులతో,
బాబాయ్