బంకమట్టిని పారబోయకండి, మడికి అదే ఆధారం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తుతో ఆరుబయట చెక్కల మడి కట్టుకున్నారు. పెరటి మట్టి బంకగా ఉందని దాన్ని వదిలేసి, అచ్చంగా కంపోస్టు, కొబ్బరి పొట్టు కలిపి నింపుదామనుకుంటున్నారు. సేంద్రియ పద్ధతి కాబట్టి ఇంకా ఏమేమి కలపాలో చెప్పమన్నారు.

అలా నింపకండి. సరిగ్గా ఆ పనే చేసి నేను ఒక ఏడాది పంట పోగొట్టుకున్నాను.

నా మొదటి మడిలో చారెడు మట్టి కూడా లేదు. రెండు వంతుల కంపోస్టు, ఒక వంతు కొబ్బరి పొట్టు, గుల్లగా ఉంటుందని రెండు బస్తాల రంపపు పొట్టు. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగిపోయేది. అది చూసి తెగ మురిసిపోయాను. నెల రోజులు టమాటా మొక్కలు బాగానే లేచాయి. మూడో నెలకు మడి బెత్తెడు కుంగింది, మొదళ్ళ దగ్గర వేళ్ళు బయటపడ్డాయి. రోజూ నీళ్ళు పోస్తున్నా మధ్యాహ్నానికల్లా ఆకులు వేలాడిపోయేవి. ఒక మొక్కను పెకలించి చూస్తే పైన రెండు అంగుళాలు తడి, దాని కింద వేళ్ళ చుట్టూ ముక్కుపొడుంలా పొడి. పోసిన నీళ్ళన్నీ చెక్కల పక్క నుంచి జారి నేలలోకి పోతున్నాయన్నమాట. బాగా ఎండిన కంపోస్టు నీటిని పీల్చుకోదు, పక్కకు తోసేస్తుంది. మట్టి కలిసి ఉంటే అంత తేలికగా ఆ స్థితికి రాదు.

కుంగడానికి కారణం కూడా అదే. కంపోస్టును సూక్ష్మజీవులు తింటూనే ఉంటాయి, దానిలోని కర్బనం గాలిలో కలిసిపోతూనే ఉంటుంది. మట్టి రాయి అరిగి అయిన పొడి, దాన్ని తినేవాళ్ళు లేరు. పోషకాలను అంటిపెట్టుకుని వేరుకు కొంచెం కొంచెంగా అందించేది కూడా మీరు వద్దనుకుంటున్న ఆ బంకే.

రంపపు పొట్టు సంగతి వేరే చెప్పాలి. అందులో ఒక పాలు నత్రజనికి 300 పాళ్ళకు పైగా కర్బనం ఉంటుంది. సూక్ష్మజీవులకు సరిపడే నిష్పత్తి 25 నుంచి 30 మాత్రమే. తక్కువ పడిన నత్రజనిని అవి మట్టిలోంచి లాక్కుంటాయి. నా మిరప మొక్కలు అడుగు ఆకుల నుంచి మొదలుపెట్టి పైదాకా పసుపు రంగుకు తిరిగాయి. తెగులనుకుని ఏవేవో చల్లాను. మొక్కలు ఆకలితో ఉన్నాయని తెలిసేసరికి కాలం దాటిపోయింది. ఆ పొట్టును పైన పరిస్తే ఇబ్బంది ఉండదు, లోపల కలిపితేనే చేటు.

ఇక మీ లెక్క. 8 అడుగులు, 4 అడుగులు, ఒక అడుగు అంటే 32 ఘనపుటడుగులు, దాదాపు 900 లీటర్లు. 20 లీటర్ల బకెట్టుతో కొలిస్తే 45 బకెట్లు. సన్న రేణువులు పెద్దవాటి సందుల్లోకి దిగిపోతాయి కాబట్టి విడివిడిగా కొలిచినప్పుడు 45 పోస్తే మడి నిండదు. 50 కొలుచుకోండి: 30 బకెట్ల మట్టి, 15 బకెట్ల మాగిన కంపోస్టు, 5 బకెట్ల కొబ్బరి పొట్టు. కంపోస్టులో మూడో వంతు వానపాముల ఎరువైతే మంచిదే, అంతకు మించి అక్కరలేదు. ఇంత కలిపినా మొదటి పంటకాలంలో మడి రెండంగుళాలు దిగుతుంది, కంగారు పడకండి.

మట్టి నిజంగా ఎంత బంకో ముందు చూసుకోండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి, చిటికెడు సబ్బు పొడి వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది. ఒండ్రు దిగడానికి రెండు గంటలు పడుతుంది. బంక తేరుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మరునాడు పొరలు విడివిడిగా కనిపిస్తాయి, స్కేలు పెట్టి కొలవవచ్చు. బంక పొర సగానికి దగ్గరగా ఉంటే మట్టిని 25 బకెట్లకు తగ్గించి, ఆ అయిదింటి బదులు వరి ఊక లాంటి గరుకైనది కలపండి. ఊక తొందరగా చివకదు కాబట్టి రంపపు పొట్టంత చేటు చేయదు. ఇసుక మాత్రం వద్దు. బంకకు కొద్దిగా ఇసుక కలిపితే అది గుల్లబారదు, ఎండాక ఇటుకలా బిగుసుకుంటుంది. తేడా కనిపించాలంటే సగానికి సగం ఇసుకే పోయాలి, అప్పుడది వేరే మట్టి అవుతుంది.

కొబ్బరి పొట్టును నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి కనీసం రెండు సార్లు కడగండి. 5 కిలోల దిమ్మె విచ్చుకుంటే 70 లీటర్ల దాకా అవుతుంది, అంటే మీకు ఒకటిన్నర చాలు. కడగకపోతే అందులోని ఉప్పు లేత వేళ్ళను మాడుస్తుంది.

కంపోస్టు మాగిందో లేదో ముక్కు చెబుతుంది. తొలకరి తడిసిన నేల వాసన రావాలి. మూత తీయగానే ముక్కు చురుక్కుమంటే, కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి. పశువుల ఎరువు పచ్చిదైతే మడిలోకి రానివ్వకండి. కలిపిన రోజుకు, ఆకుకూరో దుంపో కోసే రోజుకు 120 రోజుల ఎడం ఉండాలని అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో ఉంది. అది మొక్క కోసం కాదు, తినేవాళ్ళ ఆరోగ్యం కోసం.

వేప పిండి మొత్తం మడికి కిలో చాలు. ఎముకల పొడి, సున్నం, బూడిద అంటూ పొట్లాలన్నీ వేయాలని చాలామందికి ఉబలాటం. నాకూ ఉండేది. మట్టి పరీక్ష చేయించకుండా వాటి జోలికి పోకండి. పీహెచ్, అంటే మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత, 6 నుంచి 7 మధ్య ఉంటే కూరగాయలకు చాలు. 7 దాటిన మట్టిలో ఎముకల పొడి కరగదు, మొక్కకు అందదు. అక్కడ బూడిద వేస్తే పీహెచ్ ఇంకా పెరుగుతుంది.

అడుగున గులకరాళ్ళు పోయమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. పోయకండి. సన్నమట్టి నిండుగా తడిసి బరువెక్కేదాకా నీరు దానిలోంచి రాళ్ళ పొరలోకి దిగదు. ఆ పొరకు పైనే నిలిచి వేళ్ళను కుళ్ళబెడుతుంది. దానికి బదులు మడి కింది నేలను పలుగుతో జానెడు లోతు వదులు చేసి, కలుపు ఎక్కువగా ఉంటే అట్టపెట్టెలు విప్పి పరిచి తడపండి. వాటికి అంటించిన ప్లాస్టిక్ పట్టీలు మాత్రం పీకేయండి.

కలపడం మడిలో చేయకండి, అడుగున ఉన్నది ఎప్పటికీ కలవదు. పక్కన పట్టా పరిచి పది బకెట్ల చొప్పున కుప్ప పోసి, నీళ్ళు చిలకరిస్తూ పారతో రెండు మూడు సార్లు తిరగెయ్యండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు, బొటనవేలితో తడితే విడిపోవాలి. బంకమట్టిని బురదగా ఉన్నప్పుడు మాత్రం కలపవద్దు, అది గడ్డలు కట్టి రెండేళ్ళు వేధిస్తుంది. నింపాక ఎండుటాకులు కప్పి, తడి ఆరకుండా మూడు వారాలు వదిలేసి ఆ తరువాత నారు పెట్టండి. పై ఏడు నుంచి తవ్వే పని లేదు. పంట పంటకూ అంగుళం మందాన కంపోస్టు పైన పరిస్తే వానపాములే లోపలికి దించుకుంటాయి. మంచిది కదా అని బుట్టలకొద్దీ వేస్తే భాస్వరం పేరుకుపోయి, ఇనుము, జింకు అందక ఆకులు పాలిపోతాయి.

ఇదంతా మొదలుపెట్టే ముందు చేయవలసింది ఒకటుంది, నేను రెండో ఏడు దెబ్బ తిని నేర్చుకున్నాను. ఆ ఏడు మట్టి, కొలతలు అన్నీ సరిగ్గానే ఉన్నా చిక్కుడు మొక్కల ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి. కొన్న పశువుల ఎరువులో లోపం ఉంది. గడ్డి మీద చల్లే కలుపు మందుల్లో కొన్ని పశువు కడుపులోంచి చెక్కుచెదరకుండా వస్తాయి, కంపోస్టులో నెలల తరబడి నిలుస్తాయి. గడ్డి జాతికి వాటితో ఏమీ కాదు, చిక్కుడు, టమాటా మాత్రం తట్టుకోలేవు. అందుకని ఇప్పుడు కొత్త ఎరువు వచ్చినప్పుడల్లా రెండు కుండీల్లో ఎరువు కలిపిన మట్టి, రెండింటిలో ఉత్త మట్టి వేసి తలా మూడు చిక్కుడు గింజలు నాటుతాను. మూడు వారాలు పడుతుంది. ఆ లోపు మీరు సీసా పరీక్ష, కొబ్బరి పొట్టు కడగడం ముగించుకోవచ్చు. నాలుగు కుండీల్లోనూ మూడో ఆకు తిన్నగా విచ్చుకున్నాక ఎరువు బస్తాలు విప్పండి.