చెరువులో పోసే ప్యాకెట్‌లో ఏముందని అడిగే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మూడెకరాల రొయ్యల చెరువు ఉంది. అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్‌కు పంపుదామంటే వద్దంటోంది. నాచును, పురుగుమందులను తినే బ్యాక్టీరియా గురించి చదువుతానని పట్టుపట్టింది. చెరువులో ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా మందు) పోసిన ప్రతిసారీ "నాన్నా, ఆ ప్యాకెట్‌లో అసలు ఏముంది?" అని అడుగుతుంది. అలాంటి చదువు ఉందా? ఉంటే తిండి పెడుతుందా?
– ఒక తండ్రి, కోనసీమ

జవాబు: చదువు ఉందండి. తిండీ పెడుతుంది, కాకపోతే డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే కాదు. ఐదారేళ్లు ఓపిక పట్టగలరా అన్నది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. లాంగ్ టర్మ్ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. వద్దని నోరు తెరిచి చెప్పిన పిల్లను పంపకండి.

నాలుగు రోజులు మబ్బు పడితే చెరువులో నాచు ఒక్కసారిగా చచ్చిపోవడం, తెల్లారుజామున రొయ్య పైకి తేలడం మీకు నేను చెప్పక్కర్లేదు. చచ్చిన నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలో ఆక్సిజన్‌ను లాగేసుకోవడం అందుకు ఒక కారణం. అంటే నాచును తినే బ్యాక్టీరియా మీ చెరువులో ముందు నుంచే ఉంది. ప్యాకెట్‌తోనే కొత్తగా వచ్చింది కాదు. అది ఎలా తింటుందన్నదే మీ అమ్మాయి ప్రశ్న.

కిరాణా కొట్లో చైనా గ్రాస్ అమ్ముతారు చూశారా, అది సముద్రపు నాచులోంచి తీసిన అగర్. చక్కెర అణువులు గొలుసులా అల్లుకుని ఉంటే అగర్ అవుతుంది. 1880ల మొదట్లో జర్మనీలో రాబర్ట్ కోఖ్ అనే బ్యాక్టీరియా శాస్త్రవేత్త ల్యాబ్‌లో బ్యాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవారు. వేడికి అది కరిగిపోయేది. అక్కడ పనిచేసే వాల్తర్ హెస్సె భార్య ఫానీ, వంటింట్లో వాడే అగర్‌ను వాడి చూడమన్నారు. చాలా బ్యాక్టీరియాలకు అగర్ అరగదు. అందుకే ఈనాటికీ ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచడానికి అగర్ పోసిన ప్లేట్లే వాడతారు. అయితే సముద్రంలో ఉండే కొన్నింటికి అగరే భోజనం.

ఓసారి ఒక ఎమ్మెస్సీ అమ్మాయి ఉప్పాడ రాళ్ల మీంచి కుళ్లిన నాచు గీరి తెచ్చి, ప్లేట్ల మీద పెంచింది. మూడో రోజు ఒక ప్లేటును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి నాకు చూపించింది. బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన చోట (దాన్నే కాలనీ అంటారు) అగర్ వేలితో నొక్కినట్టు గుంట పడింది. అయోడిన్ పోస్తే ప్లేటంతా గోధుమరంగుకు తిరిగింది, గుంట చుట్టూ మాత్రం రంగు పట్టని వలయం మిగిలింది. కూర్చున్న పీటనే తినేసిందన్నమాట! ఆ పిల్ల ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్లలేదు.

పురుగుమందుల కథ కూడా ఇలాంటిదే. 1973లో ఫిలిప్పీన్స్‌లో సేతునాథన్ అనే మన దేశపు శాస్త్రవేత్త, యోషిదా అనే జపాన్ శాస్త్రవేత్త కలిసి, డయాజినాన్ మందు వేసిన వరిమడిలోంచి ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నారు. దాని ఎంజైమ్ పారాథియాన్ అనే మరో పురుగుమందు అణువులో ఒక్క బంధాన్ని కోస్తుంది. దాంతో విషం చాలావరకు పోతుంది. మిగిలిన ముక్కల్లో ఒకటి పసుపు రంగులో ఉంటుంది, దాన్ని తినే బ్యాక్టీరియాలు వేరే ఉన్నాయి. ఫ్లాస్కులో పసుపు వెలిసిపోతుంటే పని జరుగుతోందని కంటితోనే తెలుస్తుంది. ఒకటి కోసి పెడితే ఇంకొకటి తింటుంది, ఊళ్లో కొబ్బరి వలిచేవాడు ఒకడు, కొట్టేవాడు ఒకడు ఉన్నట్టు.

ఇక్కడ అమ్మాయికి ఒక హెచ్చరిక. "మా బ్యాక్టీరియా అన్నిటినీ తినేస్తుంది" అనే ప్రకటనలను నమ్మొద్దని చెప్పండి. ఉప్పు, వేడి, ఆక్సిజన్ కుదరకపోతే అది పని చేయదు. పక్కన సులువుగా అరిగే మేత మిగిలి ఉంటే కష్టమైన మందు జోలికి ఎందుకు పోతుంది? ఫ్లాస్కులో గెలిచింది చెరువులో ఓడిపోవడం ఈ రంగంలో మామూలే. ఆ తేడా ఎందుకొస్తుందో కనుక్కునే వాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఇది చదివాక మీకు ఒకటి తెలిసే ఉంటుంది. గొలుసు ఎక్కడ తెగింది, ఏ బంధం ఊడింది అన్న మాటలన్నీ కెమిస్ట్రీవే. అమ్మాయికి ఇంటర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే టెన్షన్ ఉంటే ఈ వేసవిలోనే దాని సంగతి చూడమనండి. డిగ్రీలో మైక్రోబయాలజీ గానీ బయోటెక్నాలజీ గానీ మేజర్‌గా, కెమిస్ట్రీ మైనర్‌గా తీసుకుంటే మంచిది. కాలేజీలో ఆ జోడీ దొరక్కపోతే కెమిస్ట్రీ మేజర్ అయినా నాకు అభ్యంతరం లేదు. చెరువు మీదే మనసుంటే ఈఏపీసెట్‌తో బీఎఫ్‌ఎస్సీ కూడా ఉంది. అందులో మత్స్యశాస్త్రం మొత్తం వస్తుంది, బ్యాక్టీరియా కొంచెమే.

బీఎస్సీతో ఆగిపోతే భీమవరం, కాకినాడ వైపు ఆక్వా ల్యాబుల్లో నీళ్ల పరీక్షలు, పీసీఆర్ పరీక్షలు (జన్యుపదార్థం ద్వారా రొయ్య జబ్బును పట్టేవి) చేసే పని దొరుకుతుంది. మొదట్లో జీతం చిన్నదే. అయినా ఆ పని నేర్పు చిన్నది కాదు, ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది. ఎమ్మెస్సీకి ఆంధ్ర, ఆదికవి నన్నయ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ, ఐఐటీలకు జామ్ రాయాలి. గాట్-బీ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సుల్లో సీటు, స్టైపెండ్ వస్తాయి. మూడో ఏడాది నుంచే వీటికి చదవాలి, ఆఖరి సెమిస్టర్ దాకా ఆగితే కుదరదు.

తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం ఉంది. సముద్రపు నాచు మీద పని అంటే గుజరాత్‌లోని భావనగర్‌లో ఉన్న ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ, కాలుష్యం మీద అయితే నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ. అంత దూరం పంపాలా అని ఇప్పుడే బెంగపడకండి, దానికి ఐదేళ్లు టైముంది.

డిగ్రీ కాలేజీకి ఫీజు కట్టే ముందు అమ్మాయిని తీసుకెళ్లి మైక్రోబయాలజీ ల్యాబ్ చూపించమని అడగండి. నేను వెళ్లిన ఒక కాలేజీలో ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో క్రిములను చంపే పాత్ర) మీద పాత రికార్డు పుస్తకాల కట్టలు పేర్చి ఉన్నాయి. మూత తెరవమంటే తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. మీరు వెళ్లిన చోట ఆటోక్లేవ్ వేడిగా ఉందో లేదో, కిందటి వారం పోసిన ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో (వాటిని వెచ్చగా ఉంచే పెట్టెలో) ఉన్నాయో లేదో అమ్మాయినే చూడనివ్వండి. లెక్చరర్‌ని అడగాల్సిన ప్రశ్నలు ఆవిడ దగ్గర బాగానే ఉన్నట్టున్నాయి.