వేలిముద్రల రిపోర్టు చూసి గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి టెన్త్ పాసైంది. బొమ్మలు బాగా వేస్తుంది, ఆర్కిటెక్ట్ అవుతానంటోంది. ఒకచోట వేలిముద్రలు తీసుకుని ‘ఈమెది కుడి మెదడు, లెక్కలు రావు, ఎంపీసీ వద్దు’ అని రిపోర్టు ఇచ్చారు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టండి. వేలి గీతలు చూసి లెక్కలు వస్తాయో రావో చెప్పే శాస్త్రం ఏదీ లేదు. డబ్బులు పోతే పోయాయి, పాప గ్రూపు పోకూడదు.

కుడి ఎడమల తేడా మాత్రం ఉత్తమాట కాదు. వస్తువుల్ని గుర్తుపట్టే పనే చూడండి. రాగిదైనా, స్టీలుదైనా ‘ఇది చెంబు’ అని పోల్చుకోవడంలో మెదడు ఎడమ సగానిది కాస్త పైచేయి. పెళ్లింట్లో కలిసిపోయిన చెంబుల్లోంచి ‘ఇదే మనది’ అని తీయడంలో కుడి సగానిది. పేరు కొట్టించని చెంబును కూడా మూతి దగ్గర సొట్ట చూసి పట్టేసేది మా అమ్మ! ముఖాలు పోల్చడంలో మొగ్గు కుడివైపు, అక్షరాలు చదవడంలో ఎడమవైపు.

బ్రిటన్‌లో న్యూరోసైకాలజిస్ట్ (మెదడుకీ మనసుకీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే నిపుణురాలు) ఎలిజబెత్ వారింగ్టన్ 1970లలో మెదడు దెబ్బతిన్న రోగుల్ని పరీక్షించారు. కుడి సగం వెనకభాగం దెబ్బతిన్నవాళ్లు మామూలు ఫొటోలో వస్తువును గుర్తుపట్టేవారు, దాన్నే వింత కోణంలో తీసి చూపిస్తే తడబడేవారు. ఎడమవైపు దెబ్బతిన్నవాళ్లలో కొందరు రెండు ఫొటోలూ ఒకే వస్తువువని చెప్పగలిగేవారు, కానీ అదేమిటో, దేనికి వాడతారో తెలిసేది కాదు.

ఇంత విడివిడిగా బయటపడేది ఎక్కువగా దెబ్బ తగిలినప్పుడే. మీ పాప తలలో ఆ రెండు సగాలనూ దాదాపు 20 కోట్ల నాడీ తంతువులు కలుపుతున్నాయి. వరంగల్ కోటలో తోరణం బొమ్మ వేస్తోందనుకోండి. మొత్తం ఆకారాన్ని పట్టుకోవడంలో కుడి సగం, చిన్నచిన్న చెక్కడాల మీద చూపు నిలపడంలో ఎడమ సగం ముందుంటాయి. ఏ ఒక్కదానితోనూ బొమ్మ పూర్తికాదు. ‘కుడి మెదడు మనుషులు’ అంటూ వేరే జాతి లేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిన బీఆర్క్‌లో చేరాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ వద్దన్నవాళ్లు పాప కోరుకున్న తలుపే మూసేయమంటున్నారన్నమాట. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్ గానీ రాయాలి. రెండింటిలోనూ డ్రాయింగ్ ఉంటుంది, అక్కడ ఆమె చెయ్యి పనికొస్తుంది. లెక్కలంటే భయం ఉంటే టెన్త్ పుస్తకం ముందేసుకుని ఎక్కడ ఆగిపోతోందో చూడండి. చాలామంది త్రికోణమితి దగ్గర జారతారు. కాలేజీ తెరిచేలోపు ఆ ఒక్క పాఠం గట్టిగా చేయించండి.