క్లబ్ సభ్యులకు ఏసీ సర్వీసు రేటు తగ్గించాలా?

మీరు అడిగింది ఇది: కాకినాడలో ఇద్దరు కుర్రాళ్ళతో ఏసీ సర్వీసు నడుపుతున్నారు, ఈ మధ్యే లయన్స్ క్లబ్బులో చేరారు, సభ్యులు అరవై మంది. "మనవాళ్ళకి 20 శాతం తగ్గించవయ్యా" అంటున్నారు. కాదంటే మొహమాటం, అవునంటే నష్టమేమో అని భయం.

సభ్యుడు కాబట్టి అని మాత్రం తగ్గించకండి. మీ ఖర్చు నిజంగా తగ్గే చోట తగ్గించండి. ఆ తగ్గింపు సభ్యుడికి ఎంత వర్తిస్తుందో పక్కింటాయనకీ అంతే వర్తించాలి. ఎందుకో లెక్క వేసి చూద్దాం. నేను వేసే అంకెల చోట మీవి పెట్టుకోండి.

స్ప్లిట్ ఏసీ జెట్ సర్వీసు (పంపుతో నీళ్ళు కొట్టి కడగడం) 600 అనుకుందాం. మెకానిక్కు నెలకి 18,000, హెల్పర్‌కి 12,000. 26 పని దినాలకి పంచితే రోజుకి 1,154. సీజన్లో రోజుకి 5 కాల్స్ చేస్తే ఒక్కో కాల్‌కి జీతం 230 పడుతుంది. పెట్రోలు 35. కాయిల్ క్లీనర్, గుడ్డలు 25. షాపు అద్దె, ఫోను, పంపు అరుగుదల కలిపి 60. మొత్తం 350, మిగిలేది 250. ఇందులోనే మీ సొంత జీతం కూడా ఉంది.

20 శాతం అంటే 120 రూపాయలు. అది 600లోంచి పోతున్నట్టు కనిపిస్తుంది కానీ నిజానికి పోయేది ఆ 250లోంచి. మిగిలేది 130, అంటే దాదాపు సగం. ఇదివరకు 10 కాల్స్‌కి వచ్చిన మిగులు రావాలంటే ఇప్పుడు 19 కాల్స్‌కి పైనే చేయాలి. 10 శాతమే ఇచ్చినా 13కి పైనే చేయాలి. నెలకి 130 కాల్స్‌లో 32 సభ్యుల ఇళ్ళవే అయితే నెలకి 3,840 పోతుంది. మీ హెల్పర్ జీతంలో దాదాపు మూడో వంతు అది.

అదే తగ్గింపు అన్ని నెలల్లోనూ ఒకేలా కొట్టదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఏప్రిల్, మే నెలల్లో మీరు కాల్స్ వదులుకునే పరిస్థితి ఉంటుంది. అప్పుడు సభ్యుడికి 480కి చేసిన ప్రతి సర్వీసూ, బయటివాడు 600 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న సమయాన్ని తినేస్తుంది. ఆ 120 చేతిలోంచి పోయినట్టే. డిసెంబరులో కుర్రాళ్ళు రోజుకి రెండు కాల్స్ చేసి షాపులో కూర్చుంటారు. వాళ్ళ జీతం ఎలాగూ ఇవ్వాలి, అద్దె ఎలాగూ కట్టాలి. కాబట్టి అప్పుడు ఒక కాల్‌కి కొత్తగా అయ్యే ఖర్చు పెట్రోలు, క్లీనరు కలిపి 60 మాత్రమే. 450కి చేసినా 390 మిగులుతుంది. అందుకని తగ్గింపు అంటూ ఇస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా ఇచ్చి ఆపేయండి. సముద్రపు గాలికి మీ ఊళ్ళో అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ మీద ఉప్పు పేరుకుని దాని సన్నని రేకుల్ని తినేస్తుంది. ఎండలు ముదరకముందే ఒకసారి కడగడం కస్టమర్‌కీ మంచిదే, కాబట్టి ఆ మాట చెప్పి పిలవచ్చు.

మీకు ఖర్చు తగ్గే రెండో చోటు, పనులన్నీ ఒకే దగ్గర దొరికిన రోజు. ఒకే అపార్టుమెంట్లోనో ఒకే వీధిలోనో 7 ఏసీలు ఒకే రోజున దొరికాయనుకోండి. తిరుగుడు ఉండదు కాబట్టి ఇద్దరు మనుషులు ఏడూ చేసేస్తారు. ఒక్కోదానికి జీతం 165కి దిగుతుంది, పెట్రోలు 5కి దిగుతుంది. ఖర్చు 350 నుంచి 255 అవుతుంది. ఇప్పుడు 75 తగ్గించి 525 తీసుకున్నా 270 మిగులుతుంది, అంటే పూర్తి రేటుకి మిగిలేదాని కన్నా ఎక్కువ. రోజు మొత్తానికి చూస్తే 1,250 రావాల్సిన చోట 1,890. క్లబ్బులో మీరు చెప్పాల్సింది ఇదే: "ఒకే చోట ఏడు ఏసీలు కూర్చండి, ఒక్కోదానికి 525 తీసుకుంటాను." అరవై మందిని ఒక మాట మీదకి తేవడం క్లబ్బుకి తేలిక. ఆ తేలికే సభ్యులకి దొరికే లాభం. ఏ కాలనీ సంఘం వచ్చి అడిగినా ఇదే రేటు ఇవ్వండి.

ఒకే ఇంట్లో రెండో ఏసీకి కూడా ఇదే సూత్రం పని చేస్తుంది. నిచ్చెన, పంపు, బకెట్లు ఒకసారి దింపాక రెండో ఏసీకి సమయం తక్కువ పడుతుంది. మొదటిది 600, రెండోది 500 అని బోర్డు మీదే రాసి పెట్టండి. ఏడాది కాంట్రాక్టుకి మూడు సర్వీసులు కలిపి 1,800 బదులు 1,500 తీసుకోవచ్చు. డబ్బు ముందుగా రావాలి, మూడింట్లో రెండు సీజన్ బయట పడాలి. ఈ రెండు షరతులూ లేకపోతే కాంట్రాక్టు వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

గ్యాస్ పనిలోనూ, పార్టుల మీదా ఎవరికీ పైసా తగ్గించొద్దు. ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. 2,800 బిల్లులో గ్యాసు, నైట్రోజను, వెల్డింగు రాడ్లు కలిపి 2,000 ముందే మీ జేబులోంచి పోతే, 20 శాతం తగ్గించాక చేతికి మిగిలేది 240. ఇద్దరి పూట జీతం కూడా రాదు. అప్పుడు కుర్రాడు తొందరపడతాడు. నైట్రోజను కొట్టి లీకు ఎక్కడుందో చూసే అరగంట, వాక్యూమ్ పంపు నడిపే అరగంట ఎగిరిపోతాయి. ఏసీ ప్లేటు మీద రాసిన తూకం ప్రకారం కాకుండా గేజి చూసి గ్యాసు నింపేస్తాడు. లీకు అలాగే ఉండిపోతుంది, ఆరు నెలల్లో గ్యాసు మళ్ళీ పోతుంది. పైగా ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాసుకి కాస్త మంట అంటుకునే గుణం ఉంది. లైను ఖాళీ చేసి నైట్రోజనుతో శుభ్రం చేయకుండా తొందరలో వెల్డింగు టార్చి పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. "కెపాసిటర్ కొన్న రేటుకే వెయ్యి" అనేవాళ్ళుంటారు. ఆ పార్టు మీద మీరు వేసుకునే వందా యాభై, అది నెలలో పోతే మళ్ళీ వెళ్ళి మార్చే ఖర్చుకి. బిల్లులో పార్టు ధర, కూలి వేరువేరు వరసల్లో రాస్తే ఈ మాట చెప్పడం సులువవుతుంది.

తగ్గింపు రేటు వల్ల జెట్ సర్వీసులో మొదట దెబ్బతినేది డ్రెయిన్ పని, అంటే ఏసీ నీళ్ళు బయటికి పోయే ట్రే, పైపు శుభ్రం చేయడం. ట్రే అడుగున జిగురులా నాచు పేరుకుని ఉంటుంది. కాయిల్ మీద పంపుతో నీళ్ళు కొట్టగానే అది ఊడి పైపు మూతి దగ్గరికి చేరుతుంది. పైపు బయటి కొస నుంచి బ్లోయరుతో ఊది, ట్రేలో లీటరు నీళ్ళు నెమ్మదిగా పోసి, బయట ధార ఆగకుండా పడుతోందో లేదో చూడాలి. పది నిమిషాల పని. పైన కవరు బిగించేశాక అది చేశారో లేదో ఎవరికీ కనిపించదు. చేయకపోతే మూడో రోజు గోడకి పెయింటు ఉబ్బుతుంది, ఇన్‌డోర్ కింద పరుపు తడుస్తుంది. మళ్ళీ వెళ్ళి రావడానికి పెట్రోలు 35, పోయిన స్లాటు 230, మొత్తం 265. తగ్గింపు సర్వీసులో మీకు మిగిలిన 130కి ఇది రెట్టింపు. కాల్‌కి ఇంత అని కుర్రాళ్ళకి ఇన్సెంటివ్ ఇస్తుంటే, తగ్గింపు ఇచ్చిన ఇళ్ళల్లో కూడా ఆ డబ్బు తగ్గించకండి. తగ్గిస్తే సభ్యుల ఇళ్ళల్లోనే పని నాసిగా జరుగుతుంది, ఆ కబురు క్లబ్బంతా పాకుతుంది.

రెండు రేట్లు దాగవు. కాంప్లెక్సులో 302 వాళ్ళు సభ్యులు, 303 వాళ్ళు కాదు. ఒకే పొద్దున ఒకరి దగ్గర 480, ఇంకొకరి దగ్గర 600 తీసుకుంటే సాయంత్రానికి వాచ్‌మనే చెప్పేస్తాడు. 303 వాళ్ళు మిమ్మల్ని ఏమీ అడగరు, వచ్చే ఏడాది వేరేవాళ్ళని పిలుస్తారంతే. దీనికి విరుగుడుగా ముందు రేటు 750కి పెంచి "సభ్యులకు 600" అనడం కొందరు చేసే పని. అది మోసం, చేయకండి.

క్లబ్ సంప్రదాయం కూడా మీ వైపే ఉంది. లయన్స్ నీతి నియమావళి న్యాయమైన ప్రతిఫలం అడిగి తీసుకోవడాన్ని హక్కుగా చెబుతుంది, స్నేహం గమ్యం కావాలి గానీ సాధనం కాకూడదంటుంది. రోటరీ వాళ్ళయితే 1989 నాటి తమ వృత్తి ప్రకటనలో, మామూలుగా ఇతరులకి ఇవ్వని సౌలభ్యాన్ని వ్యాపారంలో తోటి రొటేరియన్ నుంచి కోరకూడదు, అతనికి ఇవ్వకూడదు అని నేరుగా రాసుకున్నారు. ఎవరైనా ఒత్తిడి చేస్తే సెక్రటరీ గారితో ఈ విషయం నెమ్మదిగా కదపండి. సమావేశంలో లేచి మాత్రం చెప్పకండి, అడిగినాయన నొచ్చుకుంటారు.

నోటి మాట ముందే అనుకుని పెట్టుకోండి. మొహమాటం మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడే పుడుతుంది. "అన్నయ్యగారూ, రేటు అందరికీ ఒకటే పెట్టుకున్నామండి. మీ ఇంటికి మా పాత కుర్రాణ్ణే పంపిస్తాను. నెలలోపు నీళ్ళు కారినా చల్లదనం తగ్గినా ఫోన్ చెయ్యండి, డబ్బు తీసుకోకుండా చూసి వెళ్తాం." నెల హామీ కూడా అందరికీ ఒకటే. "మా బావమరిదికి కూడా చూడు" అన్నప్పుడు ఇదే మాట సరిపోతుంది. సభ్యత్వం పేరుతో తగ్గింపు మొదలుపెడితే ఆ బావమరిది దగ్గర గీత గీయడం మీ వల్ల కాదు.

క్లబ్బుల్లో తగ్గింపు కన్నా ఎక్కువ నష్టపెట్టేది అప్పు. "మీటింగులో ఇస్తాలే" అన్న 600 కోసం మీరు మీటింగులో అడగలేరు. పని అవగానే కుర్రాడి ఫోనులో క్యూఆర్ చూపించడం సభ్యుడికీ బయటివాడికీ ఒకే పద్ధతిగా ఉండాలి. సభ్యుల్లో పళ్ళ డాక్టరో ఆడిటరో ఉండి "నాది నువ్వు చెయ్యి, నీది నేను చేస్తా" అంటే, ఇద్దరూ పూర్తి రేటుకి బిల్లు రాసుకుని డబ్బు చెల్లించుకోండి. జీఎస్టీ చట్టంలో వస్తుమార్పిడి కూడా సరఫరాయే, అంటే అదీ పన్ను లెక్కలోకి వస్తుంది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి: సర్వీసులకి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏడాదికి 20 లక్షల టర్నోవరు. అది దాటి 18 శాతం వసూలు చేస్తుంటే, తగ్గింపుని బిల్లులోనే ఒక వరసగా చూపించి, తగ్గాక మిగిలిన మొత్తం మీదే పన్ను వేయండి. పూర్తి బిల్లు రాసి తర్వాత చేతికి 100 వెనక్కి ఇస్తే ఆ 100 మీద పన్ను మీరే కట్టుకుంటారు. 6 శాతం కాంపోజిషన్లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద పన్ను కట్టే పథకం) ఉంటే కస్టమర్ దగ్గర పన్ను విడిగా తీసుకోకూడదు, అది మీ మిగుల్లోంచే పోతుంది. పై లెక్కలో 600కి 36 అదనపు ఖర్చు కలుపుకోండి.

క్లబ్బుకి ఏదైనా చేయాలని మీ మనసులో ఉంటే, అది మంచి కోరిక, దాన్ని అణచుకోవద్దు. ఒక్కో సభ్యుడికి 120 చొప్పున విడదీసి ఇవ్వకుండా క్లబ్బు పేరున ఒక్కచోట ఇవ్వండి. వేసవిలో చలివేంద్రం పెడితే నెల రోజుల నీళ్ళ క్యాన్లు మీవి అనండి, లేదా క్లబ్బు చూసుకునే వృద్ధాశ్రమంలో ఏసీలూ కూలర్లూ ఏడాదికి రెండుసార్లు ఉచితంగా కడిగి ఇవ్వండి. డిసెంబరులో ఒకసారి, జూన్ వానలు పడ్డాక ఒకసారి పెట్టుకుంటే కుర్రాళ్ళ ఖాళీ రోజుల్లో అయిపోతుంది.

ఇప్పటికే ఎవరికైనా 20 శాతం అని మాట ఇచ్చేసి ఉంటే ఆ మాట తప్పకండి, దానికి తేదీ పెట్టండి. గ్రూపులో కాకుండా, మాట ఇచ్చిన ప్రతివారికీ విడివిడిగా ఇలా పంపండి: "నమస్కారమండి. మీకు చెప్పిన 480 రేటు ఈ నెలాఖరు వరకు బుక్ చేసిన సర్వీసులకి ఉంటుంది. వచ్చే నెల నుంచి ఒక్క ఏసీకి 600, అదే ఇంట్లో రెండోదానికి 500, ఒకే చోట ఏడు కలిస్తే ఒక్కోదానికి 525. మీ వీధిలో ఇంకా ఎవరైనా చేయించుకునేవాళ్ళుంటే చెప్పండి, అందరికీ కలిపి ఒక రోజు పెట్టుకుందాం."