పీహెచ్‌డీ చేస్తే పాథాలజిస్టు అయిపోతామా?

కిందటి నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఇండియాలో బీవీఎస్సీ అనే పశువైద్య డిగ్రీ, ఆపైన పాథాలజీలో, అంటే జబ్బు శరీరంలో తెచ్చే మార్పుల చదువులో, ఎంవీఎస్సీ చేసి, ఇక్కడ అమెరికాలో పీహెచ్‌డీలో చేరి ఏడాదిన్నర అయిందట. "అన్నా, ఇంకో మూడేళ్లలో డిగ్రీ చేతికొస్తుంది. అప్పుడు ఏదో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో పాథాలజిస్టుగా చేరిపోవచ్చు కదా?" అన్నాడు. చేరలేవు తమ్ముడూ అనడానికి నాకు నోరు రాలేదు. కాస్త నసిగాను. "డిపార్ట్‌మెంట్ పేరులోనే పాథాలజీ ఉంది కదన్నా" అన్నాడు మళ్లీ.

పదిహేనేళ్ల కిందట నేనూ ఇదే మాట అన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మన దగ్గర లెక్క వేరు. ఎంవీఎస్సీ, పీహెచ్‌డీ పాథాలజీలో చేస్తే మీరు పాథాలజిస్టే, ఎవరూ ఇంకేమీ అడగరు. ఇక్కడ రెండూ రెండు దారులు. పీహెచ్‌డీ పరిశోధకుణ్ణి తయారుచేస్తుంది. కేసు చూసి, రిపోర్టు రాసి, కింద సంతకం పెట్టే పాథాలజిస్టు తయారయ్యేది రెసిడెన్సీలో, అంటే సీనియర్ల కింద పనిచేస్తూ నేర్చుకునే శిక్షణలో. మామూలుగా అది మూడేళ్లు. దాని మీద అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్, అంటే ఏసీవీపీ, పెట్టే పరీక్ష పాసవ్వాలి. 1949లో పుట్టిన ఈ సంస్థ పేరులో కాలేజ్ ఉంది గానీ అక్కడ తరగతులుండవు. పరీక్ష పెట్టి, గట్టెక్కినవాళ్లని డిప్లొమేట్ అంటుంది, అంతే. ఇంటర్వ్యూల్లో "బోర్డు ఉందా?" అని అడిగేది దీన్నే. యూరప్‌లో ఇదే పని ఈసీవీపీ చేస్తుంది.

నేను పీహెచ్‌డీలో నాలుగేళ్లకు పైగా ఎలుక కిడ్నీలో ఒక్క ప్రోటీన్ వెనకాల తిరిగాను. పేపర్లు వచ్చాయి, సంతోషమే. చివర్లో ఒక ల్యాబు ఉద్యోగానికి వెళ్తే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ దేశంలో ఎన్ని నెక్రాప్సీలు చేశారు?" నెక్రాప్సీ అంటే చచ్చిన జంతువుని కోసి పరీక్షించడం. నా లెక్క సున్నా. రెండో ప్రశ్న అడగడానికి వాళ్లకు మొహమాటం వేసినట్టుంది, కాఫీ తాగుతారా అని అడిగారు. ఆ తర్వాత రెసిడెన్సీకి అప్లై చేసి, నాకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన మళ్లీ కత్తి పట్టాను. ఆ నాలుగేళ్లూ వృథా అనను. కానీ ముందే తెలిసుంటే రెసిడెన్సీ, పీహెచ్‌డీ కలిపి ఇచ్చే ప్రోగ్రాంలో చేరేవాణ్ణి. అలాంటివి చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి, ముందు రెసిడెన్సీ పూర్తిచేసి తర్వాత పరిశోధనకి వెళ్తారు. మీరింకా బయల్దేరకపోతే వెతకాల్సింది అదే. ఎక్కడ చేరినా అక్కడ డిప్లొమేట్లు ఎంతమంది ఉన్నారు, గడచిన కొన్నేళ్లలో వాళ్ల రెసిడెంట్లలో ఎంతమంది పరీక్ష పాసయ్యారు, ఈ రెండూ అడగండి. ఇక్కడ ఇలాంటివి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అడగకపోతేనే అనుకుంటారు.

రెసిడెన్సీ మొదటి వారం సంగతి చెప్తాను. బల్ల మీద దూడ. ఛాతీ తెరిచాను. ఊపిరితిత్తుల ముందుభాగం, కిందివైపు, ముదురు ఎరుపు. మా సీనియర్ "ఏముంది?" అన్నారు. "న్యుమోనియా" అన్నాను ఠక్కున. "జబ్బు పేరు అడగలేదు. ఏం కనిపిస్తోందో చెప్పు" అన్నారు. రంగు చెప్పాను. "ఇంకా?" వేలితో నొక్కి చూశాను, లివర్‌లా గట్టిగా ఉంది. "ఇంకా? ఎంత భాగం? అంచు ఎలా ఉంది? కోస్తే ఏం కారుతోంది?" ఒక చిన్న ముక్క కోసి ఫార్మలిన్ జాడీలో వేయమన్నారు. వేశాను. మునిగిపోయింది. మామూలు ఊపిరితిత్తి ముక్కైతే గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది. "ఇప్పుడు రాయి" అన్నారు.

మనవాళ్లందరికీ దెబ్బ తగిలేది ఇక్కడే అని నా అభిప్రాయం. చదువులో మనం తీసిపోం. కానీ చూడగానే జబ్బు పేరు చెప్పేయడం మనకు అలవాటు. వైవాలో అలా చెప్తేనే మార్కులు వేశారు మరి. ఇక్కడ వర్ణన ముందు, పేరు చివర. ఏ అవయవం, ఏ ప్రక్రియ, ఎంత తీవ్రం, ఎక్కడెక్కడ పరుచుకుంది, ఎన్నాళ్లది, అన్నీ ఒక వరసలో రావాలి. మైక్రోస్కోపు దగ్గరా అంతే. ఇంగ్లిష్ బాగా రాదని కొందరు టెన్షన్ పడతారు, దానికి పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. వంద, నూటయాభై మాటలు వస్తే చాలు, అవి మాత్రం తిరుగులేకుండా రావాలి. రోజుకో స్లైడు చూసి ఐదారు వాక్యాలు రాయండి. జాయింట్ పాథాలజీ సెంటర్‌వాళ్ల వెన్స్‌డే స్లైడ్ కాన్ఫరెన్స్ కేసులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు మీరు రాసుకుని, ఆ తర్వాతే వాళ్లది తెరవండి. ముందే చూసేస్తే అదంతా మనకు తెలిసినట్టే అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం.

మనకున్న బలం కూడా చెప్పుకోవాలి. గాళ్లు, అంటే గాలికుంటు జబ్బు (ఎఫ్ఎండీ), ఈ దేశంలో 1929 తర్వాత రాలేదు. మేకలకొచ్చే పీపీఆర్ అసలు లేదు. ఇక్కడివాళ్లు వీటిని బొమ్మల్లో చూస్తారు, మనం గిట్టల దగ్గర కూర్చుని చూశాం. ముక్కులోంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే ఆంత్రాక్స్ అనుమానించి కళేబరాన్ని కోయకూడదని మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఈ అనుభవం గురించి అడిగితే సిగ్గుపడి దాటేయకండి.

ఇక లైసెన్సు గొడవ. మనవాళ్లలో సగం మంది రాగానే ఈసీఎఫ్‌వీజీ, అంటే విదేశీ పశువైద్య డిగ్రీకి ఇక్కడ గుర్తింపు తెచ్చుకునే పద్ధతి, మొదలుపెడతారు. అందులో నాలుగు మెట్లు: డిగ్రీ కాగితాల పరిశీలన, ఇంగ్లిష్, బీసీఎస్ఈ రాతపరీక్ష, చివర్లో మూడు రోజుల ప్రాక్టికల్. ఆ ప్రాక్టికల్లో ఏడు విభాగాలు, ఒకటి నెక్రాప్సీ. దీనికి బదులు పేవ్ అని ఇంకో దారి ఉంది. ఏ దారిన వెళ్లినా 360 ప్రశ్నల నావ్లీ అనే లైసెన్సు పరీక్ష తప్పదు. క్లినిక్‌లో ప్రాక్టీసు చేయాలంటే ఇదంతా కావాల్సిందే. పాథాలజీ రెసిడెన్సీలకి మాత్రం చాలాచోట్ల డీవీఎం (ఇక్కడి పశువైద్య డిగ్రీ) లేదా దానికి సమానమైన డిగ్రీ ఉంటే చాలంటారు, మన బీవీఎస్సీ ఆ లెక్కలోకి వస్తుంది. కొన్నిచోట్ల లైసెన్సు అడుగుతారు కాబట్టి ప్రతి నోటిఫికేషనూ చివరిదాకా చదవండి. నా సలహా అడిగితే, ముందు రెసిడెన్సీ కోసం ప్రయత్నించండి. డబ్బూ ఓపికా ఉంటే బీసీఎస్ఈ వరకూ రాసి పక్కన పెట్టుకోండి. పాథాలజీయే చేయాలని ఉన్నవాళ్లు ఆ ప్రాక్టికల్ కోసం గుర్రానికి కట్టు కట్టడం ప్రాక్టీసు చేస్తూ రెండేళ్లు పోగొట్టుకోవడం నేను చూశాను.

అన్నట్టు అనాటమిక్, క్లినికల్ అని రెండు శాఖలున్నాయి, బోర్డులూ వేరే. కోసి చూడటం, బయాప్సీలు అనాటమిక్. రక్తం, సైటాలజీ (విడి కణాల్ని మైక్రోస్కోపులో చూడటం) క్లినికల్. వాసన పడనివాళ్లకి రెండోది హాయి.

ఉద్యోగాలు రాష్ట్రాల డయాగ్నస్టిక్ ల్యాబుల్లో, యూనివర్సిటీల్లో, బయాప్సీలు చూసే ప్రైవేటు ల్యాబుల్లో, మందుల కంపెనీల్లో ఉంటాయి. మందుల కంపెనీల్లో పని ఎక్కువగా ఎలుకల స్లైడ్ల మీద, జీతం మిగతా చోట్ల కంటే మెరుగు. జూలలోనూ, వన్యప్రాణుల సంస్థల్లోనూ కొద్దిపాటి ఉంటాయి. ఫెడరల్ ఉద్యోగాలు ఎక్కువభాగం పౌరులకే. వీసా విషయంలో ఒక్క మెలిక గుర్తుపెట్టుకోండి: యూనివర్సిటీ ఇచ్చే హెచ్-1బీ లాటరీలోకి రాదు, కంపెనీది వస్తుంది. యూనివర్సిటీలో ఐదేళ్లు హెచ్-1బీ మీద ఉన్నా సరే, అలా వచ్చినవాళ్లు కంపెనీకి మారాలంటే అప్పుడు లాటరీ ఎదురవుతుంది. జె-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద రమ్మంటే, అది అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు మీకు పడుతుందో లేదో సంతకం పెట్టకముందే తేల్చుకోండి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి. స్నేహితుడు చెప్పాడని కాకుండా లాయరునే అడగండి.

బంధువులకి ఈ ఉద్యోగం అర్థంకాదు. "చచ్చినవాటికి డాక్టరేంట్రా?" అని మా పెదనాన్న ఇప్పటికీ అంటాడు. ఆయనకి నేను రెండు కథలు చెప్తాను. 1999లో న్యూయార్క్‌లో మనుషులకి మెదడువాపు వచ్చింది, సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అని ప్రకటించారు. అదే సమయంలో కాకులు రాలిపోతున్నాయి, బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు చచ్చిపోతున్నాయి. అక్కడి పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా వాటిని కోసి చూసి, ఇది ఆ జబ్బు కాదని పట్టుబట్టారు. సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల్ని ఇలా చంపదు. పోనీ గుర్రాలకొచ్చే ఈస్టర్న్ ఈక్వైన్ అనుకుంటే ఈమూలు ముందు చావాలి, అవి నిక్షేపంగా తిరుగుతున్నాయి. చివరికి తేలింది వెస్ట్ నైల్ వైరస్, అమెరికా ఖండాల్లో అదే మొదటిసారి. రెండో కథ రాబందులది. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని లిండ్సే ఓక్స్ బృందం కోసి చూస్తే, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా యూరిక్ యాసిడ్. కిడ్నీలు పాడయ్యాయి. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా వాటికి చేరిందని 2004లో బయటపెట్టారు. 2006లో ఇండియా పశువులకి ఆ మందు వాడకాన్ని ఆపేసింది. పెదనాన్న రాబందుల కథకి తల ఊపుతాడు, కాకుల కథ నమ్మడు.

ఆ ఫోన్ చేసిన తమ్ముడికి చివరికి ఏం చెప్పానంటే, పీహెచ్‌డీ మానేయొద్దు, కానీ ఈ వారమే మీ యూనివర్సిటీ నెక్రాప్సీ ఫ్లోర్ ఎవరు చూస్తారో కనుక్కుని, రౌండ్లకి వచ్చి నిలబడతానని అడుగు అన్నాను. రెసిడెన్సీకి సిఫారసు ఉత్తరం రాసేవాళ్లలో నీ కత్తిపట్టు చూసిన పాథాలజిస్టు ఒకరు ఉండాలి, ఎలుకల ప్రొఫెసర్ రాసింది ఒక్కటే సరిపోదు. ఎఫ్-1 మీద ఉన్నావు కాబట్టి చూడటం దాటి పనిలోకి దిగేముందు ఇంటర్నేషనల్ ఆఫీసుని అడుగు అని కూడా చెప్పాను.

మర్చిపోయిన మాట ఒకటుంది, అది కూడా రాత్రి మెసేజ్ పెట్టాను. రేబిస్ టీకా కాగితాలు వెంట తీసుకెళ్లాలి. కాలేజీలో టీకా వేయించుకున్నా నా దగ్గర రుజువు లేదు. రక్తపరీక్షలో టైటర్, అంటే టీకా రక్షణ ఎంతుందో చెప్పే లెక్క, వచ్చేదాకా మూడు వారాలు అద్దం అవతల నిలబడి, మిగతావాళ్లు కోస్తుంటే చూశాను.