కాలనీ ఎటు మొగ్గుతుందో బూత్ లెక్కల్లో చూడండి

ప్రశ్న: హనుమకొండలో ఒక కాలనీ ఏ పార్టీ వైపు ఉంటుందో, అక్కడి ఓటర్లు ఎవరో లెక్కతో సహా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. చాయ్ హోటల్ ముచ్చట్లతో కాదు, ఫారం 20తో, ఓటరు లిస్టుతో.

కౌంటింగ్ అయ్యాక ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే పత్రమే ఫారం 20. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో నియోజకవర్గం నంబరు పట్టుకొని వెతకండి: వరంగల్ పశ్చిమ 105, తూర్పు 106. హనుమకొండ, కాజీపేట పశ్చిమలో ఉంటాయి, మట్టెవాడ, కాశిబుగ్గ తూర్పులో. హసన్‌పర్తి వరంగల్ కార్పొరేషన్‌లోదే అయినా ఓటు మాత్రం వర్ధన్నపేటకు పోతుంది. ఇక్కడే చాలామంది తప్పు ఫైలు తెరుస్తారు.

ఓటరు లిస్టు మొదటి పేజీలో పార్ట్ నంబరు, బూత్ ఉన్న బడి పేరు, ఏ వీధులు ఆ బూత్ కిందికి వస్తాయో ఉంటాయి. లోపలి పేజీల్లో పేజీకి 30 గళ్లు, ఒక్కో గడిలో పేరు, ఇంటి నంబరు, వయసు. డిలీటెడ్ ముద్ర ఉన్నవి తీసేసి మిగిలినవే లెక్కపెట్టండి. 18–29, 30–44, 45–59, 60 పైన అని విడగొడితే కాలనీ వయసు తెలిసిపోతుంది. ఒకే ఇంటి నంబరు మీద పాతిక పేర్లుంటే అది అపార్ట్‌మెంటైనా కావాలి, ఎప్పుడో ఖాళీ చేసిపోయిన కిరాయిదారుల పేర్లైనా కావాలి. పోయి చూడాల్సిందే.

కులం, మతం లిస్టులో ఉండవు. పేరు చివర రావు ఉంటే వెలమో, బ్రాహ్మణుడో, బీసీయో, ఎస్సీయో చెప్పలేం. ఇంటిపేర్లతో వేసిన శాతాలు ఎవరైనా చూపిస్తే నమ్మకండి. 2011 జనాభా లెక్కల్లో వార్డు వారీగా ఎస్సీ, ఎస్టీ సంఖ్య దొరుకుతుంది కానీ అవి పాత వార్డులు, ఇప్పటి 66 డివిజన్లకు సరిపోవు. 2024 నవంబరులో మొదలైన కుల సర్వేలో బయటికి వచ్చిన శాతాలు రాష్ట్రానివి, కాలనీవి కావు.

ఇక లెక్క. బూత్‌లో 1,150 పేర్లున్నాయి, 620 ఓట్లు పోలయ్యాయి, ఒక పార్టీకి 280 వచ్చాయి అనుకుందాం. పోలైన వాటిలో అది 45 శాతం, లిస్టులో 24 శాతమే. ‘ఈ కాలనీ మాది’ అనే నాయకులు మొదటి అంకెనే చెబుతారు. కిరాయిళ్లు ఎక్కువున్న చోట ఈ తేడా ఇంకా ముఖ్యం: ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఓటు ఊర్లోనే ఉంచుకుంటారు. వాళ్లు ఇక్కడ కాపురమున్నా ఇక్కడి లిస్టులో దొరకరు.

ఒక్క ఎన్నికతో ముద్ర వేయకండి. 2021 కార్పొరేషన్ ఎన్నికల్లో 66 డివిజన్లలో 48 టీఆర్ఎస్‌కు (తర్వాత పేరు బీఆర్ఎస్) వచ్చాయి. 2023లో పశ్చిమ, తూర్పు రెండూ కాంగ్రెస్ గెలిచింది, తూర్పులో బీజేపీ రెండో స్థానం, బీఆర్ఎస్ మూడోది. రెండున్నరేళ్లలో జనం మారలేదు, ఓటు వేసేటప్పుడు చూసేది మారింది. డివిజన్‌లో మోరీ, నల్లా, తెలిసిన మొహం చూస్తారు, అసెంబ్లీకి ప్రభుత్వాన్ని చూస్తారు. అందుకే అసెంబ్లీని అసెంబ్లీతో, లోక్‌సభను లోక్‌సభతో పోల్చండి.

పోల్చేటప్పుడు బూత్ నంబరును నమ్మితే బోల్తా పడతారు. ఎన్నికల ముందు బూత్‌లను విడగొడతారు, కలుపుతారు, నంబర్లు జరిగిపోతాయి. 2018లో 112 అన్నది 2023లో ఇంకో వీధిది కావచ్చు. వీధి పేరు, ఇంటి నంబర్ల వరుస కలిశాకే రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టండి. పోస్టల్ ఓట్లు ఫారం 20 చివర మొత్తంగానే వస్తాయి. ఉద్యోగులు ఎక్కువున్న కాలనీలో కొన్ని ఓట్లు బూత్ లెక్కలో కనిపించకపోవడానికి అదొక కారణం.