డీలర్లను ఈడీఐకి మార్చే ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ చదివాడు. హైదరాబాద్‌లో ఒక ల్యాప్‌టాప్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర పార్ట్‌నర్ ఆన్‌బోర్డింగ్ ఉద్యోగం వచ్చింది. వాట్సాప్‌లో ఆర్డర్లు పెట్టే డీలర్లను ఈడీఐకి (ఆర్డర్లు, బిల్లులు ఒకరి కంప్యూటర్ నుంచి మరొకరి కంప్యూటర్‌కి నేరుగా వెళ్లే పద్ధతి) మార్చాలట. చేరమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: చేరమనండి. ఈ పనికి కోడింగ్ కన్నా లెక్కల పుస్తకం చదవడం ముఖ్యం, అది మీవాడికి వచ్చు.

ముందుగా ఎక్స్12 (ఈడీఐ పత్రాలకు ఒక ప్రామాణిక రూపం) పత్రాల నంబర్లు నోటికి రావాలి. 850 కొనుగోలు ఆర్డర్, 855 దానికి జవాబు, 856 సరుకు బయల్దేరిందన్న కబురు, 810 ఇన్వాయిస్, 867 డీలర్ అమ్మకాల నివేదిక. కొత్తవాళ్లు బోల్తాపడేది 997 దగ్గర. ఫైలు అందిందనీ, దాని అమరిక సరిగా ఉందో లేదో మాత్రమే అది చెబుతుంది. అది చూసి ఆర్డర్ ఖాయమైందనుకుని డీలర్ కస్టమర్‌కి మాటిచ్చేస్తాడు, తర్వాత 855లో స్టాక్ లేదని వస్తుంది.

ఇక ఒప్పించడం. శ్రమ డీలర్‌ది, డేటా డిస్ట్రిబ్యూటర్‌ది. అందుకే 'మీ పని సులువవుతుంది' అంటే ఎవరూ కదలరు. అతని డబ్బు ఎక్కడ ఆగిందో చూడాలి. స్కీమ్ క్లెయిములు, ధర తగ్గినప్పుడు చేతిలో మిగిలిన స్టాక్‌కు రావాల్సిన తేడా తరచుగా సీరియల్ నంబర్లు కలవక ఆగిపోతాయి. 867 పంపినవారి క్లెయిములు ముందు తేలుస్తామని సొంత కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే డీలర్ గడప తొక్కాలి. తన కస్టమర్ల పేర్లు ఇస్తే డిస్ట్రిబ్యూటర్ నేరుగా అమ్ముకుంటాడన్న భయమూ ఉంటుంది, అది అర్థం లేనిది కాదు. మోడల్, సీరియల్ నంబర్, తేదీ, పిన్‌కోడ్‌తో సరిపెట్టుకుంటే మేలు.

2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలకు బీటూబీ (వ్యాపారుల మధ్య అమ్మకాల) ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. అలాంటి డీలర్ సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకం కోడ్), జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు నంబర్) వివరాలు ఇప్పటికే సర్దుకుని ఉంటాయి కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి. చిన్న దుకాణానికి పోర్టల్‌లో సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక ఫైలు) అప్‌లోడ్ చాలు. ఏఎస్2 (ఇంటర్నెట్‌లో ఈడీఐ ఫైళ్లను భద్రంగా నేరుగా పంపే పద్ధతి) కనెక్షన్ పెట్టించడం దండగ.

మొదట 850 ఒక్కటే నడపాలి. అసలు చిక్కు ఐటెమ్ కోడ్‌లలో ఉంటుంది: ఒకే ల్యాప్‌టాప్ డీలర్ ట్యాలీలో మూడు పేర్లతో కనిపిస్తుంది. యూనిట్ కూడా చూసుకోవాలి. బాక్సుకు 20 మౌసులుంటే, 10 అడిగినవాడికి 200 దిగుతాయి! రెండు వారాలు పాతా కొత్తా కలిపి నడిపి, ఆ తర్వాత వాట్సాప్ ఆర్డర్లు ఆపేయాలి. ఈలోగా ప్రతి ఆర్డర్‌కీ పీఓ (కొనుగోలు ఆర్డర్) నంబర్ ఉండాలి, అదే నంబర్ మళ్లీ వస్తే సిస్టమ్ తిప్పికొట్టాలి. లేకపోతే ఒకే సరుకు రెండుసార్లు వెళ్తుంది.

ట్యాలీ, ఎక్సెల్‌లో లుకప్‌లు, ఎక్స్ఎంఎల్, జేసన్ ఫైళ్లు చదవడం, కాస్త ఎస్‌క్యూఎల్ ఇప్పుడే నేర్చుకోమనండి. తర్వాత శాప్ (పెద్ద కంపెనీల వ్యాపార సాఫ్ట్‌వేర్) ఐడాక్‌లు, అంటే అందులో డేటా పంపుకునే పత్రాలు, పట్టుబడితే ఈడీఐ అనలిస్ట్ ఉద్యోగాలకు వెళ్లవచ్చు.

చేరేముందు ఒకటి అడగమనండి: టార్గెట్‌ను చేర్పించిన డీలర్ల సంఖ్యతో లెక్కిస్తారా, ఈడీఐ ద్వారా నిజంగా వచ్చే ఆర్డర్లతోనా? మొదటిదైతే, పేర్లు నమోదు చేయించి వదిలేయడమే అలవాటవుతుంది, పని రాదు.